మనవాళ్లు ఓడిపోయినప్పుడు దేవుడు ఏమైనట్టు?

ఎన్నికల్లో తాము కోరుకున్న ఫలితం రాకపోతే ఎవరికైనా బాధే. విశ్వాసులకు మాత్రం ఆ బాధలో ఇంకో పొర ఉంటుంది. వాళ్లు ఓటు వేసి ఊరుకోలేదు, ప్రార్థన కూడా చేశారు. కొందరు ఉపవాసం ఉన్నారు. కొందరు చైన్ ప్రార్థనలో పేరు రాయించుకుని అర్ధరాత్రి లేచి మోకరించారు. అంత చేశాక ఫలితం ఎదురు తిరిగితే, ఓడింది పార్టీ ఒక్కటేనా, మన ప్రార్థన కూడా ఓడిందా అన్న ప్రశ్న లోపల మొదలవుతుంది. దాన్ని పైకి అనడానికి చాలామందికి ధైర్యం చాలదు. అంటే ఎవరో ఒకరు "నీ విశ్వాసం ఇంతేనా?" అంటారేమోనని భయం.

ఇలాంటి రోజుల్లో సంఘంలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "దేవుడు సింహాసనం మీదే ఉన్నాడు, ఇదంతా లోక సంబంధమైన గొడవ, వదిలెయ్" అనేది ఒకటి. "ఇక అంతా అయిపోయింది, అంత్యదినాలు వచ్చేశాయి" అనేది రెండోది. మొదటి మాటలో సత్యం ఉంది. కానీ దాన్ని చాలాసార్లు ఎదుటివాళ్ల నోరు మూయించడానికే వాడతారు. రెండో మాటలో నిజమైన భయం ఉంది. కానీ అది ఒక ప్రభుత్వానికి లేని శక్తిని అంటగడుతుంది.

నాకు ముఖ్యమనిపించే ప్రశ్న వేరే. ఫలితం విన్న రోజున మనలో విరిగింది దేవుని మీద నమ్మకమా, లేక ఆ నమ్మకానికి మనం ముడిపెట్టిన ఒక ఆశా? గెలుస్తున్నంత కాలం ఈ రెండూ కలిసే నడుస్తాయి, వాటిని విడదీసి చూడాల్సిన అవసరం రాదు. ఓడినప్పుడు తప్పదు. అలా విడదీయడం కష్టమైన పనే, కానీ లేఖనాలు ఇందులో మనకు చాలా సాయం చేస్తాయి.

బాధపడితే అవిశ్వాసమా

ఇశ్రాయేలు ప్రవక్త ఏలీయా సంగతి చూడండి. కర్మెలు కొండ మీద అగ్ని దిగింది, బయలు అనే దేవత ప్రవక్తలు ఓడిపోయారు, జనం సాగిలపడి యెహోవాయే దేవుడని కేకలు వేశారు. ఇక దేశం మారిపోతుందని ఆయన అనుకుని ఉంటే అందులో వింతేమీ లేదు. కానీ మారలేదు. అహాబు రాజుగానే ఉన్నాడు. అతని రాణి యెజెబెలు పెత్తనం చెక్కుచెదరలేదు. పైగా మర్నాటికల్లా నిన్ను చంపిస్తానని కబురు పంపింది. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఆ ప్రవక్త అడవిలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి, నా ప్రాణం తీసుకో ప్రభువా అని అడుగుతాడు.

దేవుడు ఆయన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత చేత రొట్టె, నీళ్లు పెట్టించాడు. మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ తినమన్నాడు. మాటలు ఆ తర్వాతే. ఆ మాటల్లో కూడా యెజెబెలు రేపే కూలిపోతుందన్న హామీ లేదు. బయలుకు మోకాలు వంచనివాళ్లు ఏడు వేలమంది మిగిలి ఉన్నారన్న కబురు ఉంది, ఏలీయా లేచి వెళ్లి చేయాల్సిన పని ఉంది. కౌంటింగ్ రోజంతా ఫోన్ పట్టుకుని టెన్షన్‌తో నిద్ర మానుకున్న విశ్వాసికి ముందు కావాల్సింది ఒక రాత్రి నిద్రేమో. ఇది ఆత్మీయం కాని సలహా అనుకోవద్దు, దేవుడే ఆ క్రమంలో చేశాడు.

యేసు సిలువ మరణం తర్వాత ఎమ్మాయు అనే ఊరి దారిలో నడిచిన ఇద్దరు శిష్యుల మాటలు కూడా ఇక్కడ గుర్తుకొస్తాయి. ఇశ్రాయేలును విడిపించేది ఈయనేనని మేము ఆశపెట్టుకున్నాం అని వాళ్లు చెబుతారు. అది అచ్చంగా ఓడిపోయిన పక్షం మాట. వాళ్ల ఆశలో రాజకీయమూ ఉంది, భక్తీ ఉంది, రెండూ కలిసిపోయి ఉన్నాయి. యేసు వాళ్ల మందమతిని గద్దించిన మాట నిజమే. కానీ ముందు వాళ్ల చేతే అంతా చెప్పించుకున్నాడు, చాలా దూరం వాళ్లతో కలిసి నడిచాడు. మన సంఘాల్లో ఈ వినడం అనే భాగాన్ని ఎగ్గొట్టి నేరుగా బోధకు దిగుతుంటాం.

అయితే అందరి బాధా ఒకటి కాదు. కొత్త ప్రభుత్వం వల్ల తన ఉపాధి, తన కుటుంబం కలిసి ఉండే అవకాశం, భయం లేకుండా ఆరాధించే స్వేచ్ఛ నిజంగా పోతాయేమోనని వణికే మనిషి ఉంటాడు. వాదనలో ఓడిపోయామే, రేపు అవతలివాళ్ల ముందు తల ఎలా ఎత్తుకోవాలి అని కుమిలే మనిషి ఉంటాడు. ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు. మొదటి రకం బాధలో ఉన్నవాళ్లతో "దృష్టి మార్చుకో, ఇది తాత్కాలికం" అనడం క్రూరత్వం అని నేను గట్టిగా నమ్ముతాను. ఫలితం వల్ల తనకు ఏ నష్టమూ రానివాడు ఆ మాట అంటే మరీ దారుణం. రెండో రకం బాధకు మాత్రం ఓదార్పు కంటే ఆత్మపరీక్ష ఎక్కువ అవసరం.

ఈ ఫలితం దేవుడే ఇచ్చాడా

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇక్కడే ఉంది. రాజులను త్రోసివేసేదీ నియమించేదీ ఆయనేనని దానియేలు 2:21 చెబుతుంది. ఉన్న అధికారాలు దేవుని వల్ల నియమింపబడ్డాయని పౌలు రోమా 13లో రాశాడు. వీటిని పట్టుకుని గెలిచినవాళ్లు "చూశారా, దేవుడు మా వైపు ఉన్నాడు" అంటారు. ఓడినవాళ్లు "అయితే దేవుడే మమ్మల్ని విడిచిపెట్టాడా?" అని అడుగుతారు. ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఫలితాన్ని దేవుని తీర్పు కాగితంలా చదువుతున్నారు.

అదే బైబిల్లో హోషేయ 8:4 కూడా ఉంది. ప్రజలు రాజులను నియమించుకున్నారు గానీ అది నా వల్ల జరిగింది కాదని దేవుడు అక్కడ అంటాడు. దానియేలు మాటా, హోషేయ మాటా రెండూ నిజమెలా అవుతాయి? దేవుడు జరగనిచ్చినదానికీ, దేవుడు మెచ్చినదానికీ మధ్య తేడా చూస్తేనే అది కుదురుతుంది. మొదటి సమూయేలు 8వ అధ్యాయం ఈ తేడాను కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. జనం రాజు కావాలన్నారు. వాళ్లు నిన్ను కాదు, నన్నే వద్దనుకున్నారు అని దేవుడు సమూయేలుతో చెప్పాడు. అయినా వాళ్ల మాట వినమన్నాడు. వినే ముందు, ఆ రాజు మీ కొడుకులను రథాలకు తీసుకుంటాడు, మీ పొలాలు లాక్కుంటాడు, మీ పంటలో పదోవంతు పట్టుకుపోతాడు అని అంతా విప్పి చెప్పించాడు. జనం తమకు కావాల్సిందే ఎంచుకున్నారు. దేవుడు ఆ ఎంపికను అడ్డుకోలేదు, అలాగని దాన్ని మంచిదని అనలేదు, ఆ తర్వాత ఆ జనాన్ని వదిలిపెట్టనూ లేదు. నా దృష్టిలో ఎన్నికల ఫలితాన్ని అర్థం చేసుకోవడానికి దీనికి మించిన అధ్యాయం లేదు.

దానియేలు 4:17 ఇంకో మెట్టు ముందుకెళ్తుంది. సర్వోన్నతుడు రాజ్యాన్ని తనకు ఇష్టమైనవాళ్లకు ఇస్తాడనీ, మనుషుల్లో అత్యంత నీచుణ్ని కూడా దాని మీద నిలబెడతాడనీ అక్కడ ఉంది. అధికారం దొరకడం మంచితనానికి సర్టిఫికెట్ కాదని ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం.

ఇక రోమా అధిపతి పిలాతు ముందు యేసు నిలబడిన సందర్భం. పైనుంచి ఇవ్వబడకపోతే నా మీద నీకు ఏ అధికారమూ ఉండేది కాదు అని యోహాను 19:11లో ఆయన అంటాడు. ఆ వాక్యం అక్కడితో ఆగదు. అందుకే నన్ను నీకు అప్పగించినవాడికి మరింత పాపం ఉంది అంటాడు. అధికారం పైనుంచే వచ్చింది, అయినా దాన్ని వాడిన తీరుకు లెక్క చెప్పాల్సిందే. పిలాతు యూదయను పాలించింది సుమారు క్రీ.శ. 26 నుంచి 36 వరకు. అతను ఇచ్చిన తీర్పు అన్యాయం. ఆ అన్యాయం గుండానే దేవుడు రక్షణ కార్యం జరిగించాడు. అయినా ఆ తీర్పు న్యాయమైపోలేదు. "దేవుడు దీన్ని కూడా మేలుకే వాడుకుంటాడు" అని ఓడినవాళ్లను ఓదార్చేటప్పుడు, "కాబట్టి ఇందులో తప్పేమీ లేదు" అన్న అర్థం రాకుండా మాట్లాడటం నేర్చుకోవాలి.

కోరెషు పేరు కూడా ఇలాంటప్పుడు తరచు బయటికి వస్తుంది. యెషయా 45లో దేవుడు ఆ పారసీక రాజును తన అభిషిక్తుడు అంటాడు, నీవు నన్ను ఎరగకపోయినా అని కూడా అంటాడు. క్రీ.పూ. 539లో అతను బబులోనును పట్టుకున్నాక చెరలో ఉన్న యూదులకు తిరిగి వెళ్లే దారి దొరికింది. అందుకని ప్రతి వర్గమూ తన నాయకుణ్ని కోరెషు అంటుంది, అవతలి నాయకుణ్ని యూదులను చెరపట్టిన నెబుకద్నెజరు అంటుంది. కోరెషు గురించి మనకు ప్రవక్త మాట ఉంది. మన అభ్యర్థి గురించి అలాంటి మాటేదీ లేదు.

ప్రార్థన సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మనం ఉపవాసం ఉన్న రాత్రే అవతలి పార్టీ గెలవాలని అదే దేవుణ్ని కన్నీళ్లతో అడిగిన విశ్వాసులు ఉన్నారు. వాళ్ల ప్రార్థన గెలిచింది, మనది ఓడింది అనుకుంటే దేవుణ్ని ఓట్లు లెక్కపెట్టే అధికారిని చేసినట్టే. యెరికో దగ్గర కత్తి దూసి నిలబడిన వ్యక్తిని యెహోషువ అడిగాడు, నువ్వు మా పక్షమా, మా శత్రువుల పక్షమా అని. కాదు, నేను యెహోవా సేనాధిపతిగా వచ్చాను అని జవాబు వచ్చింది. యెహోషువది దేవుడు చేయమన్న యుద్ధం. అక్కడే ఆ ప్రశ్నకు అలాంటి జవాబు వస్తే, మనం పెట్టుకున్న పార్టీల విషయంలో ఏ జవాబు ఆశించగలం?

"ప్రభువు నాకు చూపించాడు" అన్నవాళ్లు

ఎన్నికల ముందు ఫలానా నాయకుడు గెలుస్తాడని ప్రభువు నాకు చూపించాడంటూ ప్రవచనాలు వస్తుంటాయి. వాట్సాప్‌లో తిరుగుతాయి. అవి తప్పాక చాలామంది మౌనంగా ఉండిపోతారు, కొందరు కొత్త వివరణ ఇస్తారు. ఆ మాటలు నమ్మినవాళ్ల విశ్వాసానికి తగిలే దెబ్బ ఓటమి కంటే లోతైనది. ఎందుకంటే వాళ్లకు అబద్ధం చెప్పింది దేవుడే అన్నట్టు తయారవుతుంది.

ఇది కొత్త సమస్య కాదు. యిర్మీయా 28లో హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ఎదుట నిలబడి, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, తీసుకుపోయిన సామాన్లు, చెరపట్టబడిన రాజు తిరిగి వస్తారు అని ప్రకటించాడు. బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరగ్గొట్టి చూపించాడు కూడా. హనన్యా ప్రకటనకు యిర్మీయా ఇచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం. ఆమేన్, యెహోవా అలాగే చేయుగాక అన్నాడు. ఆయనకూ తన జనం గెలవాలనే ఉంది. కానీ సమాధానం వస్తుందని చెప్పే ప్రవక్త మాట నెరవేరినప్పుడే అతణ్ని దేవుడు పంపాడని తెలుస్తుంది అని కలిపాడు. ఆ తర్వాత దేవుడు హనన్యా మాటను అబద్ధమని తేల్చాడు.

తర్వాతి అధ్యాయంలో యిర్మీయా బబులోనులో ఉన్న చెరవాళ్లకు ఉత్తరం రాస్తాడు. క్రీ.పూ. 597లో మొదటి విడతగా వెళ్లిన రాజకుటుంబం, పెద్దలు, పనివాళ్లు వాళ్లు. ఉత్తరంలో రెండేళ్ల మాట లేదు, డెబ్బై ఏళ్ల మాట ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, మిమ్మల్ని తీసుకెళ్లిన ఆ పట్టణం క్షేమం కోరండి, దాని కోసం ప్రార్థించండి అని ఉంది. మీ గురించి నేను ఉద్దేశించినవి సమాధానకరమైనవే, హానికరమైనవి కావు అని చాలామందికి నోటికి వచ్చిన 29:11 ఈ ఉత్తరంలోదే. అది గెలవబోతున్నవాళ్లకు ఇచ్చిన వాగ్దానం కాదు. ఓడిపోయి, తమ జీవితకాలంలో తిరిగి వెళ్లలేమని అప్పుడే తెలుసుకున్నవాళ్లకు వచ్చిన మాట. దాన్ని ఎన్నికల ముందు గెలుపు వాగ్దానంగా పట్టుకున్నవాళ్లు ఓడాక మళ్లీ చదివితే, అది నిజంగా ఎవరి కోసం రాసిందో అప్పుడు తెలుస్తుంది.

లోబడటం అంటే నోరు మూసుకోవడమా

ఫలితం వచ్చిన మర్నాడే గెలిచినవాళ్లు ఓడినవాళ్లకు రోమా 13 చదివి వినిపిస్తారు. ఇంతకుముందు తాము ఓడినప్పుడు ఆ అధ్యాయం వాళ్లకు అంతగా గుర్తుకు రాలేదు.

పౌలు ఆ పత్రిక రాసింది సుమారు క్రీ.శ. 57లో. అప్పటికి నీరో గద్దెనెక్కి మూడేళ్లయింది. 64లో రోమ్ నగరం తగలబడ్డాక ఆ నీరోయే నిందను క్రైస్తవుల మీదికి నెట్టి వాళ్లను చంపించాడని టాసిటస్ అనే రోమన్ చరిత్రకారుడు రాశాడు. కాబట్టి పౌలు మంచి ప్రభుత్వం కింద హాయిగా కూర్చుని ఆ మాటలు రాయలేదు. అయితే కొత్త నిబంధనలో రోమా 13తో పాటు ప్రకటన 13 కూడా ఉంది. ఒకచోట అధికారి దేవుని పరిచారకుడు. ఇంకోచోట అధికారం సముద్రంలోంచి వచ్చే క్రూరమృగం, దేవునికి చెందాల్సిన ఆరాధన తనకే కావాలంటుంది. ప్రభుత్వం అనేది ఈ రెంటిలో ఏదైనా కావచ్చు, కొన్నిసార్లు ఒకే ప్రభుత్వం రెండూ కావచ్చు. విశ్వాసి దేన్ని చూస్తున్నాడో మెలకువగా గమనించాలి.

లోబడుతూనే పౌలు తన హక్కులు వదులుకోలేదు. విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేసిన ఫిలిప్పీ అధికారులు రహస్యంగా వెళ్లిపొమ్మంటే, రోమా పౌరులమైన మమ్మల్ని వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. ఆ తర్వాత కైసరు ఎదుటే చెప్పుకుంటానని అప్పీలు చేసుకున్నాడు. యేసు గలిలయ పాలకుడు హేరోదును నక్క అన్నాడు. మనుషులకంటే దేవునికే లోబడాలి అని పేతురు యూదుల మహాసభ ముఖాన చెప్పాడు. ఓట్లతో ప్రభుత్వాలు మారే చోట చట్టబద్ధంగా వ్యతిరేకించడం, కోర్టుకు వెళ్లడం, ప్రశ్నించడం ఆ వ్యవస్థలో భాగాలే. అవి చేసిన విశ్వాసి దేవుని ఏర్పాటును ఎదిరించినట్టు కాదు.

ఓడిన పక్షానికీ ఒక హద్దు ఉంది. నీ పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం పలకొద్దన్న ఆజ్ఞ ఎన్నికల కాలంలో రద్దు కాదు. ఫలితంలో మోసం జరిగిందనడానికి ఆధారం ఉంటే చూపించాలి. లేకపోతే, కోపం చల్లారడం కోసం తెలియని మాటను తెలిసినట్టు నలుగురికీ పంపడం పాపమే. గెలిచినవాణ్ని పొట్టనపెట్టుకోమని దేవుణ్ని అడిగే ప్రార్థనలు కూడా నేను విన్నాను. కీర్తనల్లో శాపాలున్న మాట నిజమే, అవి నలిగిపోయినవాళ్లు దేవుని ముందు కక్కుకున్న కోపం. వాటిని మైకు ముందు నినాదాలుగా మార్చడం వేరే పని.

గెలుపు కూడా పరీక్షే

చరిత్రలో ఒక ఓటమి క్రైస్తవుల ఆలోచననే మార్చేసింది. 313లో కాన్‌స్టంటైన్, లిసీనియస్ చక్రవర్తులు క్రైస్తవులకు ఆరాధన స్వేచ్ఛ ఇచ్చారు. 380లో థియోడోసియస్ కాలానికి క్రైస్తవం రోమ్ సామ్రాజ్యపు అధికార మతమైంది. దేవుని రాజ్యం, రోమ్ రాజ్యం ఇక ఒకే దారిలో నడుస్తాయని చాలామంది నమ్మారు. 410లో అలారిక్ నాయకత్వంలో విసిగోతులు రోమ్‌ను దోచుకున్నారు. పాత దేవతలను వదిలినందుకే ఇలా జరిగిందని అన్యులు నిందించారు, విశ్వాసులు తల్లడిల్లారు. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో పట్టణపు బిషప్ అగస్టీన్ దానికి జవాబుగా 'దేవుని నగరం' రాయడం మొదలుపెట్టి, పుష్కరానికి పైగా రాస్తూ 426 ప్రాంతంలో ముగించాడు. ఆయన అన్నదాని సారం ఇది: దేవుణ్ని ప్రేమించేవాళ్ల నగరం, తమను తాము ప్రేమించుకునేవాళ్ల నగరం ఈ లోకంలో కలిసిపోయి ఉంటాయి, చివరి తీర్పు దాకా వాటి మధ్య గీత గీయలేం. ఏ సామ్రాజ్యమూ దేవుని నగరం కాదు. అలాగని ఈ లోకపు శాంతి విలువలేనిది కాదు, బాటసారులైన విశ్వాసులు దాన్ని కాపాడుతారు, వాడుకుంటారు. "రాజకీయాలతో మనకేం పని" అనేవాళ్లకూ, "రాజకీయమే సర్వం" అనేవాళ్లకూ ఇది ఒకే దెబ్బతో జవాబు.

అంతకంటే భయపెట్టే ఉదాహరణ జర్మనీలో ఉంది. 1933 జనవరిలో హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. దేశాన్ని నాస్తికత్వం నుంచి, అరాచకం నుంచి కాపాడటానికి దేవుడు పంపినవాడని చాలామంది పాస్టర్లు సంతోషించారు. అదే ఏడాది జూలైలో ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఎన్నికలు జరిగితే, హిట్లర్ రేడియోలో మద్దతు పలికిన 'జర్మన్ క్రైస్తవులు' అనే వర్గం భారీ మెజారిటీతో గెలిచింది. అంటే విశ్వాసులు తమ ఓట్లతోనే సంఘాన్ని అప్పగించారు. ఎదురు నిలిచినవాళ్లు 1934 మే నెలలో బార్మెన్ పట్టణంలో చేరి ఒక ప్రకటన చేశారు. అందులో ఎక్కువ భాగం వేదాంతి కార్ల్ బార్త్ రాశాడు. మనం వినాల్సిన, లోబడాల్సిన దేవుని వాక్యం యేసుక్రీస్తు ఒక్కడేననీ, ఇతర సంఘటనలనూ శక్తులనూ నాయకులనూ దేవుని ప్రత్యక్షతగా ఒప్పుకోమనీ దాని మొదటి అంశం. ఆ ప్రకటనలో యూదుల హింస గురించి ఒక్క మాటా లేదు. అందులో ఉన్న ధైర్యంతో పాటు ఈ లోపాన్నీ మరిచిపోకూడదు. మనవాళ్లు గెలిచి ఉంటే విశ్వాసం క్షేమంగా ఉండేదని అనుకునేవాళ్లు ఈ చరిత్ర చదవాలి. ఆ ఏడాది సంఘానికి నిజమైన ప్రమాదం గెలుపు సంబరాల్లోనే ఉంది.

పక్కన కూర్చున్న మనిషి

చివరికి అన్నిటికంటే కష్టమైన విషయం గెలిచిన నాయకుడు కాదు. ఆరాధనలో మన పక్కన కూర్చుని, అతనికే ఓటేసిన సహోదరుడు.

యేసు ఏర్పరచుకున్న పన్నెండుమందిలో జెలోతే అనబడిన సీమోను ఉన్నాడు, సుంకరి మత్తయి ఉన్నాడు. సుంకరి అంటే పరాయి ప్రభుత్వ వ్యవస్థలో పన్ను వసూలు చేసినవాడు. జెలోతే అన్న పేరుకు రోమ్ మీద తిరుగుబాటు వాసన ఉందని చాలామంది పండితులు అంటారు. ఈ ఇద్దరూ ఒకే రొట్టె తిన్నారు. వాళ్ల రాజకీయ అభిప్రాయాలు ఎలా కలిశాయో సువార్తలు చెప్పవు. వాళ్లిద్దరినీ ఒకే ప్రభువు పిలిచాడని మాత్రం చెబుతాయి.

ఐక్యత పేరుతో అన్యాయాన్ని దాచమని నా ఉద్దేశం కాదు. ఓటు చిన్న విషయం కాదు, దాని వల్ల మనుషులకు మేలూ కీడూ జరుగుతాయి. అవతలి ఓటు వల్ల నష్టపోయే మనిషి అదే సంఘంలో ఉంటే, ఆ మాట ఓటేసినవాళ్లకు తెలియాలి. చర్చావేదికలో కాదు, ఇంటికి వెళ్లి కూర్చుని, ఈ నిర్ణయం వల్ల మా ఇంట్లో ఇది జరగబోతోంది అని చెప్పగలిగితే అది ఎంత పెద్ద వాదన కంటే ఎక్కువ పని చేస్తుంది. అలా చెప్పుకోగల చోటుగా సంఘాన్ని ఉంచడం కాపరుల బాధ్యత. ఫలితం వచ్చిన ఆదివారం ప్రసంగంలో గెలిచినవాళ్ల సంబరమో ఓడినవాళ్ల కసో వినిపిస్తే ఆ చోటు పోతుంది. అసలేమీ జరగనట్టు మాట్లాడినా పోతుంది.

ఇక తర్వాత చేయాల్సిన పని. ఇంగ్లండు పార్లమెంటులో విలియం విల్బర్‌ఫోర్స్ బానిసల వ్యాపారాన్ని ఆపాలని 1791లో పెట్టిన ప్రతిపాదన 163కు 88 ఓట్లతో ఓడిపోయింది. ఆయన భక్తిపరుడైన క్రైస్తవుడు, అవతల ఓటేసినవాళ్లలోనూ ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లున్నారు. 1796లో నాలుగంటే నాలుగు ఓట్ల తేడాతో మళ్లీ ఓడింది. ఆ వ్యాపారాన్ని నిషేధించే చట్టం 1807లో వచ్చింది. బానిసత్వాన్నే రద్దు చేసే బిల్లు గట్టెక్కడం ఖాయమని ఆయన 1833 జూలై 26న విన్నాడు, 29న కన్నుమూశాడు. ఆ నలభై రెండేళ్లలో ఓటమి వార్త విన్న ప్రతిసారీ ఆయన విశ్వాసం ఫలితం మీద ఆధారపడి ఉంటే ఎప్పుడో ఆగిపోయేది. ఫలితంతో తనకు పని లేదనుకున్నా ఆగిపోయేది.

అధికారుల కోసం ప్రార్థించమని మొదటి తిమోతి 2వ అధ్యాయం చెబుతుంది. గెలిచిన నాయకుడి పేరు పలికి ప్రార్థించడానికి నోరు రాకపోతే 72వ కీర్తన చేతిలోకి తీసుకోవచ్చు. రాజు దీనులకు న్యాయం తీర్చాలని, బీదల పిల్లలను రక్షించాలని, బాధపెట్టేవాణ్ని నలగ్గొట్టాలని, మొరపెట్టే దరిద్రుణ్ని విడిపించాలని ఆ కీర్తన అడుగుతుంది. అందులో పొగడ్త లేదు, శాపం లేదు. మనం ఓటేసినవాడి కోసమైనా, వేయనివాడి కోసమైనా మార్చకుండా చేయగల ప్రార్థన అది. ఆ నాయకుడి పాలనను తూచడానికీ, అతనికి వినతిపత్రం రాయడానికీ, వచ్చే ఎన్నికల్లో ఎవరికి ఓటు వేయాలో ఆలోచించడానికీ కూడా ఆ కీర్తనే పనికొస్తుంది.